జనరల్ బోగీలో చెవిమిషన్

“ఇది పెట్టడం వల్ల ఉన్న చెవి కూడా పోదు కదండీ?”

నన్ను చూసిన తల్లులందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. నేనింకా ఏ చెవీ ఎక్కకముందే, ఒక్క చప్పుడైనా మోయకముందే నా మీద పడే నింద ఇది. నాకు కోపం రాదు. భయాలు నాకూ తక్కువేం కాదు. చెమటంటే భయం, వానంటే భయం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారని భయం, గట్టు మీద పెడితే కాకి ఎత్తుకుపోతుందని భయం.

నేను ఒక చెవిమిషన్ని. చిక్కుడు గింజంత ఒళ్ళు, దానికి సన్నటి గొట్టం, గొట్టం చివర చెవిలో ఇమిడే మెత్తటి అచ్చు, కడుపులో చొక్కా బొత్తాంలాంటి బ్యాటరీ. చెవి వెనక కూర్చుని, చుట్టూ ఉన్న చప్పుళ్ళన్నీ పట్టి, పెద్దవి చేసి లోపలికి తోయడమే నా పని. ఇందులో ఒక చిక్కుంది. మీ చెవులకు ఏరుకోవడం తెలుసు. సంతలో నిలబడినా మీ బిడ్డ ఏడుపు మీకు విడిగా వినిపిస్తుంది. ఆ విద్య నాకు రాదు. తల్లి పిలుపూ కుక్కరు కూతా నాకు ఒక్కటే. అన్నీ ఒకే గంపకెత్తి కుమ్మరిస్తాను.

ఎక్కడో చలిదేశంలో, తెల్లకోట్లు తొడుక్కున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. ఆ గదిలో ఎవరూ గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు. లోకమంతా ఇలాగే ఉంటుంది కాబోలనుకుని అట్టపెట్టెలో నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి విశాఖపట్నంలో, రిటైరైన పోస్టుమాస్టరు అప్పలాచార్యులుగారి కుడి చెవి మీద ఉన్నాను. ఆయన నన్ను మోజుపడి తెచ్చుకున్నారు గానీ, ఇంట్లో భార్య నోరు తెరవగానే నా నోరు మూసేవారు. ఇక సిటీ బస్సు ఎక్కారంటే చెప్పనే అక్కర్లేదు. టికెట్టు తీసుకోవడం, వేలితో నన్ను ఆపెయ్యడం రెండూ ఒక్కసారే జరిగేవి. చుట్టూ ఫోన్లలో పాటలు, ఫోన్లలో పంచాయితీలు, ఫోన్లలోనే ఏడుపులు. మధ్యలో ఆయనొక్కరే చిరునవ్వుతో కూర్చునేవారు. జనం ఆయన్ని చూసి పాపం, చెవుడు అనుకునేవారు. ఆయన జనాన్ని చూసి పాపం, చెవులున్నాయి అనుకునేవారు.

ఆయన పోయాక, భార్య నన్ను తుడిచి, కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, చెవులు వినపడని పిల్లలకు మాటలు నేర్పే చోట ఇచ్చేసింది. అక్కడి విమలత మేడం నా పాత అచ్చు తీసేసి, ఉసిరిగింజంత కొత్త అచ్చు తగిలించింది. అలా నేను తుని నుంచి వచ్చిన తనూజ చెవి మీదకు చేరాను.

తనూజకు నాలుగేళ్ళు. రెండేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతోపాటు వినికిడీ తగ్గింది. అప్పటిదాకా వచ్చిన “అమ్మా”, “ఏటి” లాంటి నాలుగు మాటలనూ ఒక్కొక్కటే మానేసింది. వాళ్ళమ్మ సత్యవేణి ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది, తండ్రి లారీ తోలుతాడు. నన్ను చేతిలో పెడుతూ మేడం ఉన్న మాట చెప్పింది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పిల్లకు ఉంచాలి, మామూలుగా మాట్లాడుతూ ఉండాలి. ఎండాకాలం వెళ్ళాక తీసుకురావాలి. అప్పుడు వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తుంది. పలికితే నేను తనూజ దగ్గరే ఉంటాను. పలక్కపోతే వరసలో ఉన్న ఇంకో బిడ్డకు వెళతాను. మేడం కఠినురాలేం కాదు. అక్కడ మిషన్లు తక్కువ, చెవులు ఎక్కువ.

సత్యవేణి బుర్ర ఊపింది. ఊపి, ఇంటికి వెళ్ళి, నన్ను కాటుక డబ్బాలో పెట్టి బీరువాలో దాచింది. పగలు పెడితే ఎవరైనా లాక్కుపోతారేమో. వీధిలో లౌడు స్పీకరు మోగితే పిల్ల చెవి చిల్లు పడుతుందేమో. కరెంటు పోయి వస్తే షాకు కొడుతుందేమో. నాకూ కరెంటు తీగకూ సంబంధం లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. సాయంత్రం పూట తలుపులు వేసి, ఫ్యాను కట్టేసి, అప్పుడు నన్ను పిల్లకు తగిలించేది. తగిలించి, చెవి దగ్గరకు వంగి ఊపిరితో పిలిచినట్టు “తనూ” అనేది. మిషను ఎలాగూ మాటను పెద్దది చేస్తుంది కదా, మనం ఎంత చిన్నగా అంటే అంత మంచిది అని ఆవిడ లెక్క. మేడం చెప్పిన ‘మామూలుగా’ అన్న మాట మామూలు చెవులకేనని అర్థం చేసుకుంది. వినపడని పిల్లతో గుసగుసలాడే తల్లిని నేను ఆ ఇంట్లోనే చూశాను. ఆ గుసగుసను ఎంత సాగదీసినా నా వల్ల ఏమవుతుంది? పిల్ల అమ్మ పెదాలు చూసి నవ్వేది. పేరుకు పలికేది కాదు.

ఎండాకాలం వెళ్ళిపోయింది.

ఆ రోజు పొద్దున్నే తల్లీకూతుళ్ళు తునిలో విశాఖ పాసింజరు ఎక్కారు. కిటికీ పక్కన సీటు దొరికింది. నాకైతే కాలు నిలవలేదనుకోండి, కాలంటూ ఉంటే. చూస్తూ చూస్తూ ఈ పిల్లను వదిలి వెళ్ళిపోతానా, ఉండిపోతానా అన్నది మధ్యాహ్నానికి తేలిపోతుంది. సత్యవేణికి చివరిసారిగా పిల్లకు నేర్పి చూడాలని ఆశ. ఎలమంచిలి దాకా బోగీ ఖాళీగా, నెమ్మదిగా ఉంది. ధైర్యం చేసి డబ్బా మూత తీసి నన్ను పిల్లకు పెట్టింది. తనూజ దగ్గరకు వచ్చాక మొదటిసారి బయట గాలి తగిలింది నాకు.

ఎలమంచిలిలో లోకం ఎక్కింది.

ఎదురు సీట్లో దిలీపనే కుర్రాడు కూర్చుని ఫోను తెరిచాడు. ఒక పాట పల్లవి దాటక ముందే ఇంకో పాట, దాని మీద ఎవరో పకపకా నవ్వు, అది తెగి డప్పులు. పక్కన నూకరత్నమని భారీ మనిషి, చెల్లెలికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, నిన్నటి పెళ్ళిలో గుత్తివంకాయ చివరి బంతికి ఎలా అందలేదో మొదటినుంచి చెబుతోంది. అటు పక్క దాలినాయుడు, అతని స్నేహితులు తువ్వాలు పరిచి పేకాట మొదలెట్టారు. ముక్క వెయ్యడమంటే వాళ్ళకు దెబ్బ వెయ్యడమే. ఇవన్నీ కలిపి నేను తనూజ చెవిలో కుమ్మరించాను. నాకు వేరే దారి లేదు. పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. రెండు చేతులతో తల పట్టుకుంది. అయిపోయింది, చెవి చెడిపోయింది, ఇక పిల్ల నన్ను జన్మలో పెట్టనివ్వదు అనుకుంది సత్యవేణి.

“బాబూ, కొంచెం సౌండు తగ్గిస్తావా,” అంది దిలీపుతో, అతనికి వినపడీ వినపడనట్టు.

“ఇదేమన్నా ఏసీ బోగీయా ఆంటీ? జనరల్. అంత సైలెంటుగా ఎళ్ళాలంటే కారు కట్టించుకోవాలి.”

పేకాటవాళ్ళు నవ్వారు. నూకరత్నం కూడా నవ్వి, మళ్ళీ గుత్తివంకాయ దగ్గరికి వెళ్ళిపోయింది. సత్యవేణి పిల్లను గుండెకు హత్తుకుంది. అదే నాకు పడదు. అచ్చు మీద ఏదైనా ఒత్తుకుంటే నేను కుయ్యిమని కూత పెడతాను. పెట్టాను.

దిలీపు చటుక్కున ఫోను దించాడు. “ఏంటాంటీ ఆ సౌండు? ఆపండి, చిరాగ్గా ఉంది.”

నా ఇన్నేళ్ళ బతుకులో నన్ను గోలచేస్తున్నావన్న మొదటి మనిషి ఆ కుర్రాడే. నాకు నవ్వొచ్చింది. సత్యవేణికి ఏడుపొచ్చింది. పిల్ల జుట్టు పక్కకు తీసి నన్ను చూపించి, ఇవాళ పేరుకు పలక్కపోతే ఇది తీసేసుకుంటారని గబగబా చెప్పేసింది.

“ఉండెహే, మళ్ళీ సేత్తాను. ఇక్కడ పాపకి సెవిలో మిషనంట,” అని నూకరత్నం ఫోను కట్టేసింది.

ఆ తర్వాత జరిగింది చెబితే నమ్మరు. అప్పటిదాకా ఎవరి గోల వాళ్ళది. ఇప్పుడు అందరి గోలా మా మీదే. నూకరత్నం చెవి దగ్గర గాజులు గలగలలాడించింది. పేకాటలో ఒకాయన ఈల వేశాడు. దిలీపు మంచి పాట పెడతానని ఫోను పిల్ల ముఖం మీదకు తెచ్చాడు. అటువైపు నుంచి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టి, తలో ముద్దుపేరూ పెట్టి పిలిచారు. దయలేని చప్పుడుకంటే దయగల చప్పుడే పెద్దదని నాకు అప్పుడు తెలిసింది. పిల్ల కిటికీ వైపు తిరిగి, ఊచలు పట్టుకుని, ఎవరినీ చూడనని మొరాయించింది.

దాలినాయుడు పేకముక్కలు బోర్లా పెట్టి లేచి వచ్చాడు. అందరినీ వెనక్కి జరగమన్నాడు. ఇంటికాడ ఎలా నేర్పుతావో చూపించమన్నాడు. సత్యవేణి వంగి ఎప్పటిలాగే పిలిచింది.

“ఏటన్నావు?” అన్నాడు దాలినాయుడు.

మళ్ళీ పిలిచింది.

“నీ పక్కనే ఉన్నాను, నాకే ఇనపళ్ళేదు. దానికేటి ఇనపడుద్ది?”

“గట్టిగా అంటే చెవి పోద్దేమోనని భయమండి.”

“ఇనపడకే కదమ్మా మిషనెట్టేరు. నీ భయానికి దాన్ని ఆ సేతిలో డబ్బాలో దాసేసినట్టున్నావు, నీ గొంతు కూడా దాసేత్తే ఎలాగ?”

సత్యవేణి కాటుక డబ్బా మూత వేలితో తిప్పుతూ ఉండిపోయింది. ఎండాకాలమంతా తలుపులు వేసిన ఆ గదీ, ఆపేసిన ఫ్యానూ, ఊపిరంత గుసగుసా ఆవిడ కళ్ళలో కదలడం చూశాను.

“ఒరే, ఫోన్లు కట్టండ్రా,” అన్నాడు దాలినాయుడు.

ఒకటొకటిగా కట్టారు. దిలీపు ఫోనులో ఏదో ప్రకటన దానంతటదే మొదలైతే, గాభరాగా తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. పల్లీలమ్మేవాడు అరవబోతే నూకరత్నం అరచెయ్యి చూపించింది. వాడు బుట్టతో సహా అలాగే నిలబడిపోయాడు. దువ్వాడ ముందు సిగ్నలు పడక రైలు కూడా ఆగింది. ఎవరు అడిగినా తగ్గించని మనుషులు, ఏమవుతుందో చూడాలని ఊపిరి బిగబట్టారు. నేను పుట్టిన గది తర్వాత అంత నిశ్శబ్దం మళ్ళీ అక్కడే విన్నాను.

సత్యవేణి లేచి, పిల్లకు వెనకగా జరిగి నిలబడింది. అంతమంది ముందు గొంతెత్తాలంటే సిగ్గు. ఎత్తితే ఏమవుతుందోనని భయం. ఎత్తినా పలక్కపోతే ఇంకా పెద్ద భయం.

“తనూ,” అంది. గొంతు జీరపోయింది. పిల్ల కదల్లేదు.

నూకరత్నం పమిట నోట్లో కుక్కుకుంది. సత్యవేణి కొంగుతో ముఖం తుడుచుకుని, గుండె నిండా గాలి పీల్చి, వీధి చివర ఆడుకుంటున్న బిడ్డను అన్నానికి పిలిచే తల్లిలా పిలిచింది.

“తనూజా!”

ఆ పిలుపు నాలోకి రావడం నాకు తెలుసు. దానితోపాటు ఇంకే చప్పుడూ లేదు. ఏరుకోవాల్సిన పనే లేదు. ఉన్న ఒక్కదాన్నీ చేతనైనంత జాగ్రత్తగా లోపలికి అందించాను. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు. ఎవరూ కదల్లేదు. పల్లీలవాడి బుట్టలో కాగితం కూడా కదల్లేదు. బయట పట్టాల పక్కన ఒక మేక గడ్డి తింటూ ఉంది. పిల్ల దాన్నే చూస్తోంది. దిలీపు తల దించుకున్నాడు. బోగీలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండిపోయారు.

తనూజ ఊచల మీంచి చెయ్యి తియ్యలేదు. మేక మీంచి చూపు తిప్పలేదు. ముఖ్యమైన పనిలో ఉంటే విసిగించారన్నట్టు భుజం మాత్రం ఒకసారి ఎగరేసి అంది:

“ఏటమ్మా?”