గడప అవతలి గొంతు

బట్టలు మడతపెడుతుండగా కొరియరు వచ్చింది. కవరు విప్పకుండానే లోపల ఏముందో ఆమెకు తెలుసు. తుర్రు పాదాలు. భార్యాభర్తలు కలిసి నడిపిన పుస్తకాల కంపెనీ చేతులు మారి ఏడు నెలలైనా కొన్నవాళ్ళ ఆర్టిస్టులకు ఆ పాదాలు పట్టుబడలేదు. పిల్లల కోసం ఆమె గీసిన బొమ్మల పుస్తకాల్లో ఈ తుర్రు అనే అల్లరిపిల్ల మడమ ఏ పేజీలోనూ నేలకి ఆనదు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఆ పిల్లను పాదాలతోనే మొదలుపెట్టి గీస్తూ వచ్చింది. మోకాళ్ళు, గౌను, రేగిన జుట్టు అన్నీ ఆ తర్వాతే. ఎక్కడికైనా పోవాలని ముందు కాళ్ళకే కదా తెలిసేది! వాళ్ళేమో మొహంతో మొదలుపెడతారు, పిల్ల కాస్తా గుంజలా నిలబడిపోతుంది. ఇక కవరు ఈ ఇంటి దారి పడుతుంది.

"కాస్త సరిచేసి పంపెయ్యవోయ్, నీకదెంతలో పని," అంటాడు భర్త. ఆయన ఇప్పుడు ఆ కంపెనీకి సలహాదారు, కారు వచ్చి తీసుకెళ్తుంది. ఆమెకు ఆఖరి రోజున పూలగుత్తి ఇచ్చారు. కంపెనీ అమ్మిన ఒప్పందం నాడు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి, ఆయన వేలు చూపించిన చోటల్లా సంతకం చేసింది. చదవొద్దని ఎవరూ అనలేదు. "అంతా నేను చూశాలే," అన్నాడాయన, అంతే. పాలు పొంగేలోపు తుర్రు చేజారిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కొంత, తన మీద ఇంకాస్త ఎక్కువ.

కవరు విప్పింది. తుర్రు చేతిలో చీపురు. జుట్టు నున్నగా దువ్వి రెండు జడలు. తమ్ముడట, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో, సోఫాలో కాళ్ళు చాపుకుని బొమ్మల పుస్తకం చూస్తున్నాడు. పైన పేరు, 'మంచి పిల్ల తుర్రు'. దానికో చీటీ: "మేడమ్, పాదాలు మాత్రం చూడండి. మిగతాది ఖాయమైపోయింది."

కొత్త ఎడిటరుకు ఫోన్ చేసింది. "ఈ పిల్ల ఊడవదమ్మా. చీపురిస్తే గుర్రం చేసుకుని ఎక్కి పారిపోతుంది."

"తెలుసు మేడమ్, చిన్నప్పుడు నేనూ చదివాను," అంది ఆ అమ్మాయి, నిజంగానే నొచ్చుకుంటూ. "కానీ పైవాళ్ళు ఒప్పేసుకున్నారు. తుర్రు ఇప్పుడు మాది కదా మేడమ్."

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "చేసిపెట్టకూడదూ? ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా."

ఖాళీగా ఉన్న మనిషి చేతిలోని దుప్పటి పక్కన పడేసి లేచింది. బీరువాలోంచి ఒప్పందం కాగితాలు తీసి, మొదటిసారి మొదటినుంచీ చదివింది. చివరి పేజీలో అప్పగించిన బొమ్మల జాబితా ఉంది. తుర్రు, తాత, కుంటికుక్క, గుండు టీచరు, ఆఖరికి కిటికీలో కాకి కూడా. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తుర్రు తల్లి లేదు. ఎలా ఉంటుంది? ముప్పైఒక్క పుస్తకాల్లో ఆ తల్లి, ఓరగా వేసిన వంటింటి తలుపు వెనక నుంచి "ఎక్కడికే?" అనే గొంతు మాత్రమే. మొదటి పుస్తకానికి తుర్రు తల్లిని కూడా గీసింది. భర్తే ఆ బొమ్మ తీసేయించాడు. "ఆవిడెందుకోయ్, పేజీ దండగ. గొంతు వినిపిస్తే చాలదూ."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది, గట్టిగానే వచ్చింది. మడతల బట్టలు పక్కకు నెట్టి, బల్ల మీద తెల్లకాగితం పరిచింది.

సాయంత్రం భర్త వస్తూనే అడిగాడు. "పాదాలయ్యాయా?"

"లేదు. చెయ్యను."

"అదేంటోయ్? వాళ్ళకేం చెప్పను?"

"మడమలు ఆనించే వేసుకోమనండి. చీపురు పట్టిన పిల్లకి అవే సరిపోతాయి."

ఆయన బల్ల మీదకు వంగాడు. కాగితం మీద రెండు పెద్ద పాదాలున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి, గాల్లో ఉన్నాయి. ఒకటి అప్పుడే గడప దాటింది. "నువ్వు తుర్రుని గీయకూడదు. ఒప్పందంలో ఉంది," అన్నాడు కంగారుగా.

"తుర్రు కాదు. వాళ్ళమ్మ."

"ఆవిడ పుస్తకాల్లో ఎక్కడుంది?"

"మీరు ఉండనివ్వలేదుగా," అంది ఆమె, పెన్సిలు ఆపకుండానే. "అందుకే ఆవిడ ఒక్కతే నాకు మిగిలింది."