తొక్కని నీలం ఫ్రేము

మా పెద్దనాన్న దాచుకునేది సైకిళ్లను కాదు, వాటి ఫ్రేములను. చక్రాలుండవు, సీటుండదు, గొలుసుండదు. పాతకాలపు పందెం సైకిళ్ల ఉక్కు ఫ్రేములు, సన్నని గొట్టాలతో, వెనక గదిలో కొక్కేలకు వరసగా వేలాడుతుంటాయి. ఆ గదికి తూర్పు కిటికీ ఉంది. పొద్దున ఎండ పడితే వాటి నీడలు ఎదుటి గోడ మీద పక్కటెముకల్లా పరుచుకుంటాయి.

"నా బట్టలకు బీరువాలో అర లేదు గానీ ఈ ఎముకలకు మాత్రం ఒక గది," అంటుంది పెద్దమ్మ.

"ఎముకలు కాదే, వెన్నుపూసలు. అతుకు చూడు, కట్టినవాడు ఎంత సన్నగా తేల్చాడో," అంటాడు పెద్దనాన్న.

చదువు కోసం మా ఊరి నుంచి వాళ్లింటికి వచ్చిన కొత్తలో నాకు ఆ గదంటే కొంచెం భయంగా ఉండేది. తర్వాత అదే నా గది అయింది. ఇంట్లో ఇంకెక్కడా మంచం పట్టలేదు. నేను నడిస్తే చప్పుడు కాదని వాళ్లమ్మాయి, అక్క, నాకు పిల్లి అని పేరు పెట్టింది. చప్పుడు చేయని చేతులు కాబట్టి ఫ్రేములు తుడిచే పని కూడా నాకే వచ్చింది. తన కూతురు ముట్టుకుంటేనే ఉలిక్కిపడే పెద్దనాన్న, మెత్తని గుడ్డ నా చేతికిచ్చి నిశ్చింతగా వెళ్లిపోయేవాడు.

పెద్దనాన్న అచ్చు యంత్రం నడుపుతాడు. ఆయన గోళ్లలో సిరా ఎప్పుడూ పోదు. రోజూ పనికి వెళ్లేముందు గదిలోకి వచ్చి, ఒక్కో ఫ్రేము గొట్టాన్నీ నడిమధ్యన ఆ నల్లగోటితో మీటేవాడు. ఖణ్. ఖణ్. కళ్లు మూసుకుని వినేవాడు. "లోపల తుప్పు పడితే ఉక్కు గొంతు ముద్దగా అయిపోతుందే పిల్లీ," అని చెప్పేవాడు. అన్నీ బాగానే పలికేవి. తృప్తిగా వెళ్లిపోయేవాడు.

అక్క పందేల్లో సైకిలు తొక్కుతుంది. గాలికి అడ్డమని జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తన సైకిలు బరువైనది, నలుగురి చేతులూ మారి వచ్చింది. ఇన్ని మంచి ఫ్రేములు ఇంట్లో పెట్టుకుని ఒక్కటీ తొక్కనివ్వడని తండ్రి మీద కోపం. ఆ కోపాన్ని వేళాకోళంగా మార్చుకుంది. "నాన్నా, నన్నూ ఒక కొక్కేనికి తగిలించు. అప్పుడైనా రోజూ పొద్దున్నే పలకరిస్తావు," అనేది.

ఊరి చివర వాలు రోడ్డు దిగువన ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు చేత్తో ఫ్రేములు కట్టేవాడు. అందరూ కొలిమి తాత అంటారు. ఆయన దగ్గర ఆఖరుగా కట్టిన ఒక నీలం ఫ్రేము ఉందని పెద్దనాన్నకు ఎప్పటినుంచో తెలుసు. ఎన్నిసార్లు అడిగినా తాత ఇవ్వలేదు. చివరికి ఒకనాడు పెద్దనాన్న అక్కనూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

తాత కొట్టు పైకప్పు చిల్లులు పడి ఉంది. నీలం ఫ్రేము ఒక మూల మేకుకు వేలాడుతోంది. దాని కింద నేల తడిగా నల్లబారి ఉంది.

"గోడకు తగిలించుకునేవాడికి ఇవ్వనని చెప్పాను కదా," అన్నాడు తాత తల ఎత్తకుండానే.

"గోడకు కాదండీ. మా అమ్మాయి తొక్కుతుంది."

అక్క నా వైపు తిరిగి కళ్లు ఇంతవి చేసింది. తాత లేచాడు. పెన్సిలు గీతలున్న ఒక చెక్క బద్ద తెచ్చి అక్క కాలి పక్కన నిలబెట్టాడు. తర్వాత చేయి, తర్వాత భుజాలు. ప్రతిచోటా గీత సరిగ్గా అక్క ఒంటి దగ్గరే ఆగింది. భుజాల దగ్గర ఒక గీత కాస్త కిందికి ఉంది. అక్క ఎడమ భుజం అంతే, కాస్త కిందికి ఉంటుంది. తాత ఆశ్చర్యపోలేదు. మరిచిపోయిన లెక్క సరిచూసుకున్నట్టు బొటనవేలితో గీతను తుడిచి, "అంతే," అన్నాడు.

"ఎవరి కొలతలు తాతా ఇవి?" అంది అక్క.

"మా అమ్మాయివి. దానికోసమే కట్టాను. రంగు ఆరేలోపు జబ్బు చేసి పోయింది. ఒక్కసారీ తొక్కలేదు."

"ఒక్కసారీ తొక్కలేదా!" అన్నాడు పెద్దనాన్న. ఆ గొంతులో సంతోషం విని నాకు సిగ్గేసింది. అక్క ఆయన కాలు తొక్కింది.

తాత పట్టించుకోలేదు. అక్కనే చూస్తున్నాడు. "తీసుకెళ్లి చక్రాలు బిగించుకో. ఆదివారం ఈ వాలు మీంచి దిగి నా గుమ్మం ముందుకు రావాలి. నేనిక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటా. అది రావడం ఒక్కసారి చూస్తే చాలు. ఆ తర్వాత గోడకు కొట్టుకుంటారో మెడలో వేసుకుంటారో మీ ఇష్టం." ఫ్రేము చేతికిస్తూ అన్నాడు, "పెడల్ ఇరుసు నేనే బిగించాను. దాన్ని మాత్రం విప్పకండి."

"అయ్యో, మీ చేత్తో బిగించింది నేను విప్పుతానా?" అన్నాడు పెద్దనాన్న. కట్టినవాడు మూసినదాన్ని తెరవకూడదనేది పెద్దనాన్నలా ఫ్రేములు దాచుకునేవాళ్లందరికీ ఒట్టు లాంటిది. తెరిస్తే అది ఇక ఆ కట్టినవాడి ఫ్రేము కాదట.

ఇంటికి వచ్చాక దాన్ని నా మంచానికి ఎదురుగా తగిలించారు.

మర్నాడు పొద్దున అక్క నాకు జడ వేస్తోంది. వెలుతురు బాగుంటుందని రోజూ ఆ గదిలోనే వేస్తుంది. మూడు పాయలు చేసి మొదటి మలుపు గట్టిగా లాగింది. అప్పుడు వినిపించింది. మ్మ్ అని, నోరు మూసుకుని ఎవరో పలికినట్టు.

"ఫ్యాను తిరుగుతోందా అక్కా?"

"లేదే. నీ కడుపులో ఎలుకలు. కదలకు."

రెండో మలుపు లాగింది. మళ్లీ మ్మ్. చేయి వదులు చేస్తే ఆగిపోయింది. జడ చివర రిబ్బను ముడి వేశాక ఇక రాలేదు. నేను నీలం ఫ్రేము వైపు చూశాను. మిగతావన్నీ కొక్కేలకు బరువుగా వేలాడుతున్నాయి. అది మాత్రం వింటున్నట్టుంది.

పెద్దనాన్న వచ్చి మీటాడు. ఖణ్. మిగతావాటికన్నా తేటగా పలికింది. "అబ్బ! గొంతు విన్నావా?" అన్నాడు.

ఆ తర్వాత రోజూ అంతే. తలుపు విసిరి వేసినా, అక్క పాడినా, లారీ వెళ్లి కిటికీ రెక్కలు అదిరినా అది పలకదు. నా జుట్టు పాయ బిగించినప్పుడే పలుకుతుంది. నేనే సొంతంగా వేసుకుని చూశాను. అప్పుడూ పలికింది. పెద్దమ్మతో చెబుదామని వంటింటి దాకా వెళ్లి, ఏమని చెప్పాలో తెలియక మంచినీళ్లు తాగి వచ్చేశాను.

తుడిచేటప్పుడు ఒకరోజు దాన్ని దించి, ముందు భాగం కిందికి వంచాను. లోపల ఏదో సర్రున జారింది, ఇసుకలా. నిలబెడితే మళ్లీ వెనక్కి జారింది. కింది గొట్టం పెడల్ ఇరుసు దగ్గర కలిసేచోట, అడుగున, రంగు మీద చిన్న పొక్కు ఉంది. మొదటిరోజు అక్కడ నునుపుగా ఉండేది. నా వేళ్లకు బాగా గుర్తు.

ఈసారి ధైర్యం చేశాను. "పెద్దనాన్నా, నీలందాంట్లో ఏదో ఉందండీ. రంగు కూడా పొంగింది."

"గొట్టం కోసినప్పటి ఉక్కు రజను అమ్మా, సన్నటి పొడి. తొక్కని ఫ్రేము కదా, అలాగే ఉండిపోయింది. రంగంటావా, కొట్టులో చెమ్మకు పొంగి ఉంటుంది." నా నెత్తి మీద చేయి వేసి, ఫ్రేము మధ్యలో మీటాడు. ఖణ్. "విన్నావా? తుప్పు పట్టినది ఇలా పలుకుతుందా?"

"అడుగున మీటి చూడండి..."

"అతుకు పక్కన ఏ ఫ్రేమూ పలకదే పిచ్చిదానా!"

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ముఖం ముడుచుకుంది. "ఏంటే పిల్లీ, జన్మకొకసారి నాన్న తొక్కనిస్తున్నాడు. నువ్వు కూడా ఓర్వలేకపోతే ఎలా?" అంది. నవ్వుతూనే అంది, కానీ నేను గుడ్డ మడిచి పెట్టేశాను. మళ్లీ నోరు తెరవలేదు.

ఆదివారం పొద్దున ముగ్గురం వాలు పైకి చేరాం. చక్రాలు, సీటు, హ్యాండిల్ బిగించాక అది ఎంత అందంగా ఉందో చెప్పలేను. అక్క ఎక్కి అక్కడక్కడే ఒక చుట్టు తిరిగి వచ్చింది. "నాన్నా, ఇది నా ఒంటి మీదే కుట్టినట్టుంది!" అంది. నేనెప్పుడూ చూడనంత సంతోషంగా ఉంది. కిందకు చూస్తే రోడ్డు నిటారుగా దిగి, మలుపు తిరిగి, మళ్లీ దిగుతోంది. అడుగున కొట్టు ముందు కుర్చీ, కుర్చీలో తాత. నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఇది కాస్త పట్టుకో," అని అక్క సైకిలు నా చేతికిచ్చి చేతి తొడుగులు వేసుకుంది. గాలి ఎక్కువగా ఉంది. నా జడ సగం ఊడిపోయి మొహం మీద కొడుతోంది. అక్క చూసి నవ్వింది. "కోపమొచ్చిందా ఆ రోజు? ఇటు తిరుగు, జడ వేసి వెళ్తా. లేకపోతే కింద నేను చేరడం కూడా కనబడదు నీకు."

నేను వద్దని అనేలోపే వెనక చేరి పాయలు తీసి మొదటి మలుపు లాగింది.

ఈసారి చెవికి కాదు, చేతులకు వినిపించింది. ఫ్రేము పట్టుకున్న నా వేళ్లలోంచి మోచేతుల దాకా పాకింది. రెండో మలుపుకు ఇంకా గట్టిగా. అది ఎక్కడినుంచి వస్తోందో ఇప్పుడు తెలుస్తోంది. కిందనుంచి. నేను వంగి, చేయి గొట్టం వెంట కిందికి పోనిచ్చి, ఆ పొక్కు మీద బొటనవేలు పెట్టి నొక్కాను.

వేలు లోపలికి పోయింది. కోడిగుడ్డు పెంకు విరిగినట్టు, అంత సులువుగా.

"కదలకే," అంది అక్క.

"అక్కా, ఎక్కకు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎక్కనివ్వను. ఎక్కితే చచ్చిపోతావు!"

పెద్దనాన్న కోపంగా వచ్చి, నా చేయి చూసి ఆగిపోయాడు. బొటనవేలి మీద గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి. ఆయన రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని, మునివేళ్లతో ఆ చిల్లు చుట్టూ తడిమాడు. ఉక్కు బెరడులా పెచ్చులు పెచ్చులుగా రాలింది. పైన కొత్త చీర రంగులా నిగనిగలాడే నీలం, దాని కింద ఉక్కే లేదు. నల్లగోటితో లోపల కెలికితే తడిగుడ్డ కొస వచ్చింది. గుడ్డతోపాటు జుట్టు. అల్లిన జుట్టు. రిబ్బను ముడితో సహా.

పెద్దనాన్న చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ మలుపు దగ్గర ఇది విరిగి ఉంటే అని ముగ్గురం అటే చూశాం. అక్క చెయ్యి ఇంకా నా జడ మీదే ఉంది.

కింద తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎదురుచూస్తున్నాడు," అంది అక్క. జుట్టును మెల్లగా లోపలికి తోసి, చేతి తొడుగు ఒకటి తీసి ఆ చిల్లుకు కట్టింది. "తొక్కను. నడిపించుకుని వెళ్తా."

సైకిలు పక్కన పట్టుకుని వాలు దిగింది. మేం వెనకాల నడిచాం. దగ్గరికి వస్తున్నకొద్దీ తాత అక్కను తప్ప దేన్నీ చూడడంలేదని తెలిసింది.

"వచ్చావా," అన్నాడు. "ఇంతసేపా?"

అక్క మా వైపు ఒకసారి చూసింది. "వచ్చాను."

"ఎలా ఉంది?"

"నా ఒంటి మీదే కుట్టినట్టుంది."

తాత తల ఊపాడు. అప్పుడు తొడుగు కట్టిన చోటు చూశాడు. ముట్టుకుని, తడి వేళ్లను వాసన చూసుకున్నాడు. "జబ్బులో జుట్టు తీసేశారు. పారేయబుద్ధి కాలేదు. తొక్కలేకపోయినా లోపల కూర్చునైనా తిరుగుతుందని పెట్టాను," అన్నాడు. పైకప్పు చిల్లుల వైపు చూశాడు. "వాన నీళ్లు దిగాయి కాబోలు. ఉక్కు సంగతి నాకు తెలియదా? మరి ఎందుకు తోచలేదు?" అని మమ్మల్నే అడిగాడు.

పెద్దనాన్న చక్రాలు, హ్యాండిల్ విప్పి, ఫ్రేమును ఆ మూల మేకుకే తగిలించాడు. ఒక ఖాళీ బకెట్టు తెచ్చి పైకప్పు చిల్లు కింద పెట్టాడు. ఆయన జీవితంలో ఒక ఫ్రేమును చేతులారా వదిలి రావడం అదే మొదటిసారి అని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున అక్క దువ్వెన పట్టుకుని వచ్చింది. నా మంచానికి ఎదురుగా కొక్కెం ఖాళీగా ఉంది. హమ్మయ్య అనుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పెద్దనాన్న రోజూలాగే వచ్చి మొదటి ఫ్రేము ముందు నిలబడి, మీటడానికి వేలు ఎత్తాడు.

అక్క పాయలు తీసి మొదటి మలుపు లాగింది.

మ్మ్.

అక్క దువ్వెన ఆగిపోయింది. పెద్దనాన్న వేలు గాలిలోనే ఉంది. ఇంకా దేన్నీ తాకలేదు. ఆయన ఖాళీ కొక్కేన్ని చూశాడు, తర్వాత నా జడను చూశాడు. మెల్లగా వేలు దించుకున్నాడు.

"అంత గట్టిగా లాగకమ్మా," అన్నాడు అక్కతో. "నొప్పి పుడుతుందేమో."