బరువులు ఎత్తకూడదు

మా అత్తగారిని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే మోకాళ్లు వంచి, ఆవిడ నడుం చుట్టూ చేతులు బిగించి, ఒక్క ఊపున లేవాలి. ఆ ఉదయం అలాగే లేచాను. వెన్నులో ఏదో చిట్లినట్టయింది. కళ్లు బైర్లు కమ్మాయి. అయినా ఆవిడను వదల్లేదు. కుర్చీలో కూర్చోబెట్టాకే గోడ పట్టుకున్నాను.

"మెల్లిగా దింపవే, నేనేమన్నా బస్తానా?" అన్నారావిడ.

నొప్పి కొత్తది కాదు. నెలల తరబడి వెన్నులో ఒక్కచోటే, వేలుపెట్టి చూపించగలిగేటట్టు ఉండేది. "వయసొస్తే అందరికీ ఉండేదే" అనేవారు మా ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా. నేను పనిచేసే రెడీమేడ్ బట్టల కంపెనీలో రోజంతా నిలబడి కుట్లు సరిచూడాలి. ఓసారి స్టూలు అడిగాను. "కూర్చోవాలనుంటే ఇంట్లోనే కూర్చోవచ్చుగా" అన్నాడు సూపర్‌వైజరు. ఇంట్లో కూర్చోవడమట. నాకూ నవ్వొచ్చింది.

చివరికి తీయించుకున్న స్కానింగులో ఒక వెన్నుపూస చెదపట్టిన కొయ్యలా కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపితే ప్లాస్మా కణాల గడ్డ అని వచ్చింది. ఎముకల మూలుగలో ఉండి, జబ్బులతో పోరాడాల్సిన కణాలట అవి. ఒకచోట గుంపుకట్టి ఎముకనే తినేస్తున్నాయట. ఇంకెక్కడైనా ఉందేమోనని ఒళ్లంతా వెతికారు, తుంటిలో సూది గుచ్చి మూలుగ తీశారు. ఆ ఫలితాలు వచ్చిన రోజు నేను స్కానింగ్ గది బయట బల్ల మీద ఉంటే, డాక్టరమ్మ మా ఆయనను లోపలికి పిలిచి మాట్లాడింది. బయటికొచ్చి ఆయన చెప్పింది ఇంతే: "ఒక్కచోటే ఉందట. కరెంటు పెడితే పోతుందట. నువ్వు కంగారుపడి నన్ను కంగారు పెట్టకు."

కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి ఆదివారాలు తప్ప రోజూ వెళ్లేదాన్ని, కంపెనీకి ఒక పూట సెలవు పెట్టి. గట్టి బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, అందరూ బయటికి వెళ్లిపోయేవాళ్లు. మందపాటి తలుపు మూసుకునేది. ఇంతమంది దేన్నుంచి పారిపోతున్నారో అదే నా ఒంట్లోకి పోతోంది కదా అనుకునేదాన్ని. ఊపిరి తీస్తే కదిలినట్టవుతుందేమోనని అదీ సగమే తీసేదాన్ని.

బయట వరుసలో ఒక బస్సు కండక్టరు పరిచయమైంది. ఆవిడదీ ఇదే జబ్బు, కాకపోతే ముక్కు లోపల.

"రోజంతా జనం చెమట వాసన పీల్చీ పీల్చీ నా ముక్కు సమ్మెకు దిగింది" అని నవ్వించేది. ఒకరోజు తనే అంది: "మెత్తటి చోట వచ్చింది కాబట్టి మళ్లీ రావడం తక్కువేనన్నారు. ఎముకలో వస్తేనే..."

"వస్తేనే?"

ఆవిడ ముఖం తిప్పుకుంది. "మీ డాక్టరమ్మను అడుగు తల్లీ."

అడిగాను. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గడ్డ ఈ చికిత్సకు లొంగుతుందమ్మా. కానీ ఎముకలో వచ్చినవాళ్లలో సగం మందికి పైగా, కొన్నేళ్లకు మూలుగంతా పాకుతుంది. మీకు రాకపోవచ్చు. వస్తే మందులున్నాయి. అందుకే రక్తం చూస్తూనే ఉండాలి. సరే, బరువులేమీ ఎత్తడం లేదుగా?"

"మా అత్తగారిని ఎత్తుతాను. రోజూ."

"ఆ పూస విరిగితే కాళ్లు పడిపోతాయి. నీళ్ల బకెట్టు కూడా ఎత్తనివ్వొద్దని మీవారికి అప్పుడే చెప్పానే."

ఆస్పత్రి మెట్లు దిగడానికి భయమేసింది. రోడ్డు మీద చిన్న గుంట చూసినా ఆగిపోయాను. ఆయనకు తెలుసు. నేను అత్తయ్యను ఎత్తుతుంటే ఈమధ్య గుమ్మంలో నిలబడి "జాగ్రత్త" అనేవారు. అది వాళ్లమ్మ కోసం అనుకున్నాను. ఒకటి రెండుసార్లు నా కోసమేమోనని సంబరపడ్డాను కూడా. నా వెన్ను విరుగుతుందో లేదో చూస్తూ నిలబడ్డ మనిషి పక్కన ఇన్నాళ్లూ పడుకున్నాను.

ఆ సాయంత్రం అత్తయ్య పిలిస్తే, "మీ అబ్బాయి రానివ్వండి" అన్నాను. ఆయన వచ్చాక ఆవిడ ముందే అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెబితే భయపడతావని. అయినా అమ్మను ఎవరు చూస్తారు? మనిషిని కుదర్చాలనే ఉంది, తీరిక లేక..."

"ఏరా, తెలిసే దానిచేత నన్ను ఎత్తించావా?" అన్నారు అత్తయ్య. ఆయన చెప్పులైనా విప్పకుండా వంగి, అమ్మను ఎలా పట్టుకోవాలో తెలియక తడబడ్డారు. నేను లేవలేదు.

చికిత్స అయిపోయింది. నొప్పి తగ్గింది. కొన్ని నెలలకు మొదటి రక్తపరీక్ష ఫలితం వచ్చే రోజున ఆయన చొక్కా మార్చుకుంటుంటే, "మీరు రావద్దు" అన్నాను.

డాక్టరమ్మ కాగితం చివరిదాకా చదివింది. "ఇప్పటికేమీ లేదమ్మా" అంది. ఆ 'ఇప్పటికి'ని వెంటబెట్టుకుని బయటికొచ్చాను. ఫోను మోగింది.

"ఏమన్నారు? ఏమైనా ఉందన్నారా?" ఆయనే.

"తర్వాత చెబుతాను" అన్నాను. ఫోను పెట్టేసి, నీడ చూసుకుని ఒక బెంచీ మీద కూర్చున్నాను. నా ఒంటి గురించిన మాట మొదటిసారి నా ఒక్కదాని దగ్గరే ఉంది. దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చాను.