జేబులో అగ్గిపుల్లలు

మా తమ్ముడు సిగరెట్లు తాగుతున్నాడని నాన్నకు చాడీ చెప్పింది నేనే. ఉతకడానికి వేసిన వాడి చొక్కా జేబులో ఎప్పుడు చూసినా అగ్గిపుల్లలు ఉండేవి మరి. ఆరో ఏడో, కాలనివి. నీళ్ళలో నాని వాటి మందు కరిగి గుడ్డకంతా అంటుకునేది. నాన్న నిలబెట్టి అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు. మిలిటరీలో చేరి కెప్టెన్ అయ్యాక, సెలవుల్లో వచ్చినప్పుడు కూడా అవే పుల్లలు, అదే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మాది మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. కాలిపోయిన తీగ తీసేసి, కొత్త రాగి తీగను చుట్టలుగా చుట్టి పెడతాం. చుట్టే మిషన్‌కి లెక్క చూపించే ముల్లు ఎప్పుడో విరిగింది. ఎన్ని చుట్లు పడ్డాయో నోటితో లెక్కపెట్టుకోవాల్సిందే, అది నాన్న పద్ధతి. ఆయన చుడుతున్నప్పుడు కొంపలంటుకున్నా ఎవరూ పలకరించకూడదు. తమ్ముడు ఇంటికొస్తే మాత్రం వెనక గదిలో ఆ పని వాడిదే. నాన్నా నేనూ ముందు గదిలో మోటార్లు విప్పుకునేవాళ్ళం.

పద్నాలుగు నెలల కిందట వాడు సెలవులో ఉండగా మొక్కల నర్సరీ ఆవిడ మోటారు వచ్చింది. ఐదు చుట్టలు అయిపోయి ఆరోది సగంలో ఉండగా ఫోనొచ్చింది. శాంతి దళంతో పరాయి దేశం వెళ్ళాలి, వెంటనే రమ్మన్నారు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, యూనిఫాం వేసుకుని, "అక్కా, మిగతాది నేనొచ్చాక చుడతా, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని వెళ్ళాడు. మూడు నెలలకి, మందుల లారీకి కాపలాగా వెళ్తుంటే దారిలో మందుపాతర పేలింది. వాడికి ఇరవై ఏడేళ్ళు.

అప్పట్నుంచి నాన్న మిషన్ ముందు కూర్చోలేదు. సగం చుట్ట దాని మీద అలాగే ఉంది. ఎన్ని చుట్లు పడ్డాయో తెలియదు. విప్పి లెక్కపెడితే ఐదు నిమిషాల పని. ఆ మాటెత్తితే, "వాడు చుట్టింది విప్పుతావుటే?" అంటారు.

మొన్న సోమవారం నర్సరీ ఆవిడ వచ్చింది. "అమ్మాయ్, మీ బాధ నాకు తెలియక కాదు. అడిగి తెచ్చుకున్న మోటారుతో ఇన్నాళ్ళు నెట్టుకొచ్చా. అదీ వాళ్ళు పట్టుకుపోయారు. శనివారం దాటితే నారంతా ఎండిపోతుంది. మీరు చేస్తే సరే, లేకపోతే ఇచ్చెయ్యండి, ఇంకోచోట చేయించుకుంటా" అంది.

ఇంకోచోట అంటే, ముందు మా వాడి చుట్టలు కత్తిరించి పారేస్తారు. ఆవిడ వెళ్ళగానే నాన్న మీద విరుచుకుపడ్డాను. "మీరు చుట్టరు, నన్ను విప్పనివ్వరు. శనివారం వాళ్ళు కత్తెర పెడతారు, చూస్తూ కూర్చోండి" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు.

గురువారం పొద్దున చేతికర్రతో ఒక కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడి జీపు డ్రైవరు. అదే పేలుడులో కాలు నుజ్జయి, ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో ఉన్నాడట. నాన్న పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చాను. వెనక గదిలోకి తొంగిచూసి, "ఇదేనా అక్కా, సార్ చెప్పే మిషన్?" అన్నాడు.

"అక్కడ మా క్యాంపులో నీళ్ళ మోటారు కాలిపోతే, సార్ చెక్కతో ఇలాంటిదే చేసి చుట్టారు నాన్నగారూ. పక్కనున్న బడి పిల్లలక్కూడా ఆ నీళ్ళే. ఇప్పటికీ తిరుగుతోందట" అన్నాడు. "సార్ నోరు ఊరుకోదుగా. చుడుతూనే మాతో కబుర్లు. అందుకని, పది చుట్లు పడగానే నేను ఆయన జేబులో ఒక అగ్గిపుల్ల వెయ్యాలి. చుట్ట పూర్తయితే పుల్లలన్నీ మళ్ళీ పెట్టెలోకి. ఆఖరి చుట్టవి మాత్రం మర్చిపోయి అలాగే ఉంచుకునేవారు. 'మా నాన్నకి తెలిస్తే తంతారు, మా అక్కేమో నేను సిగరెట్లు తాగుతున్నా అనుకుంటోంది' అని ఒకటే నవ్వు."

"మధ్యలో లేవాల్సి వస్తే?" అని అడిగాను.

"పది పూర్తి కానిదే లేచేవారు కాదక్కా. ఎవరు పిలిచినా అంతే."

మేకుకి ఆ చొక్కా ఇంకా ఉంది. ఉతుకుదామని ఎన్నిసార్లు తీశానో, అన్నిసార్లూ తిరిగి తగిలించేశాను. వెళ్ళి జేబులో చెయ్యి పెట్టాను. ఏడు పుల్లలు. నాన్న అరచేతిలో పోశాను. ఆయన రెండుసార్లు లెక్కపెట్టారు.

"డెబ్భై" అన్నారు. "ఎనభై నాలుగు పడాలి. ఇంకా పద్నాలుగే."

లేచి, ఆ పుల్లలు తన జేబులో వేసుకుని మిషన్ ముందు కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. వాడి మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా, వెధవ.

"డెబ్భై ఒకటి, డెబ్భై రెండు" అని మొదలుపెట్టారు నాన్న. ఎనభై దగ్గర ఆగి, నావైపు తిరక్కుండానే, "పుల్ల వెయ్యవే" అన్నారు. అగ్గిపెట్టెలోంచి ఒకటి తీసి ఆయన జేబులో వేశాను. మిషన్ మళ్ళీ తిరిగింది. చుడుతూ చుడుతూ, "ఆ బడిలో పిల్లలెంతమంది బాబూ?" అని డ్రైవర్ని అడిగారు.

శనివారం నర్సరీలో నీళ్ళు పారాయి. ఆ వారమే మరో మూడు మోటార్లు దించుకున్నాం. ఆదివారం నాన్న చొక్కాలు నానబెడితే, ఎనిమిది పుల్లల మందు కరిగి గుడ్డకంతా అంటుకుంది. జేబులు చూసి వెయ్యాలని తెలీదా అని వీధి వినేలా అరిచాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.