తాయారమ్మ అరువిచ్చిన ముఖం

అడవి అంచునున్న కొంటా ఊళ్లో బస్టాండు వెనక సందులో కిరాణా కొట్టు నడిపే తాయారమ్మకు నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఆమెకు తెలియాలి, తెలిసింది ఇంకొకరికి చెప్పాలి. అంతటి మనిషి కోసి అనే పిల్ల సంగతి మాత్రం కడుపులోనే దాచుకుంది.

కోసి ఆమె కొట్లో పనిచేసే దోర్ల తెగ పిల్ల. వెనక గదిలోనే ఉంటుంది. సొంతూరికి పోవాలంటే ఎర్రబోరు దాటి అడవిలోకి నడవాలి. అన్న దేవా పోలీసు ఉద్యోగంలో చేరాక, ఎవరో మనుషులు ఇంటికొచ్చి, “మీ పిల్ల యాడుంది?” అని తల్లిదండ్రులను అడిగిపోయారు. వాళ్లు ఎవరి మనుషులో ఈనాటికీ తెలియదు. అప్పుడే కోసి ఇల్లు విడిచి ఇక్కడికొచ్చి దాక్కుంది. ఇప్పుడు అడవిలో గొడవలన్నీ సద్దుమణిగాయి, భయం లేదు అంటున్నారు. అనేవాళ్లకేం, వాళ్ల తలుపు ఎవరూ తట్టలేదు కదా!

ఆ పిల్లకు ఒకటే సరదా. చింతపండు గింజలు తీసేటప్పుడు చేతులు మాత్రం కనిపించేలా ఫోను నిలబెట్టి, చనిపోయిన తాత ఇర్మా చెప్పిన కథలు తమ భాష దోర్లిలో చెప్పి ఒక యాప్‌లో పెట్టేది. పేరు లేదు, ఊరు లేదు, ముఖం లేదు. ఆ గొంతు కోసం సుక్మా నుంచి భద్రాచలం దాకా జనం చెవులు కోసుకునేవారు. ఎదురుగా కూచుని గింజలు తీస్తూ తాయారమ్మ కూడా వినేది. తాత పోయాక ఆ కథలు అన్నీ తెలిసిన మనిషి ఊళ్లో ఇంకెవరూ లేరని కోసి అంటుండేది.

ఒకరోజు ఆ యాప్ మొరాయించింది. మీకు పద్దెనిమిదేళ్లు నిండాయని రుజువు చూపించండి, లేకపోతే ఖాతా మూసేస్తాం, అందులోవన్నీ చెరిపేస్తాం అంది. కోసిది సన్నటి గొంతు, చెప్పేవి ఎలుగుబంట్ల కథలు; ఇదెవరో చిన్నపిల్ల అనుకుంది కాబోలు ఆ యంత్రం.

“ఆధార్ పెట్టెయ్యవే, పీడా పోతది,” అంది తాయారమ్మ.

కోసి తల అడ్డంగా ఊపింది. “అందులో నాకు పదహారే అవ్వా.”

నిజమే. కార్డులు రాయడానికి వచ్చినాయన ఆ ఊళ్లో ఎవరినీ పుట్టినరోజు అడగలేదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరికీ జనవరి ఒకటి అని రాసేశాడు. సంవత్సరం మాత్రం మనిషి ఎత్తు చూసి వేశాడు. కోసి పొట్టి పిల్ల. ఇరవై దాటిన మనిషి కార్డులో ఇంకా బడిపిల్లగానే ఉండిపోయింది.

కార్డు కాకపోతే ముఖం చూపించమంది యాప్. చూసి వయసు అంచనా కడుతుందట, ఆ వీడియో దాచుకోదట. ‘దాచుకోం’ అని రాసినవాడెవడో, ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు? కోసి ఫోను బోర్లా పెట్టేసింది. “ఒక్కసారి లోపలికి పోయిన బొమ్మ ఎవరి చేతికి పోతదో! వద్దవ్వా, కథలు పోతే పోనీ,” అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

తాయారమ్మకు ఒళ్లు మండింది. “ఏంది, వాడికి కావాల్సింది ముసలి ముఖమేనా? నాది లేదా? ఈ ముఖం చూసి పద్దెనిమిది నిండలేదన్నోడు పుట్టాలె!”

కోసి ఫోనుకు ముందువైపు కెమెరా పగిలి ఉంది. అందుకని తాయారమ్మ ఫోనులోనే ఆ ఖాతా తెరిచారు. ముఖం ఎడమకు తిప్పమంది, కుడికి తిప్పమంది, కళ్లార్పమంది. “పెళ్లిచూపుల్ల కూడా నన్నిట్ల తిప్పలె,” అంది తాయారమ్మ. కోసి ఏడుపు మరిచి పడీపడీ నవ్వింది. పని అయింది. ఆ సంబరంలో కోసి టీ పెట్టడానికి లేచింది. ఆ తర్వాత యాప్ ఇంకా ఏవేవో అడుగుతుంటే తాయారమ్మే చూసుకుంది. అడిగిన ప్రతిదానికీ ‘సరే’ నొక్కుతూ పోయింది. కొట్లో కూచున్న మనిషి నోట ‘లేదు’ అనే మాట రాకూడదని అత్తగారు నేర్పిన వ్యాపారం ఆమెది. ఫోనులో ఉన్న నంబర్లన్నీ చూసుకోనా అన్నదానికి కూడా ‘సరే’నే నొక్కింది. ఆ నంబర్లలో ఆ చుట్టుపక్కల ప్రతి పల్లె మనిషీ ఉన్నాడు.

వారం తిరక్కముందే ఉప్పు కోసం వచ్చిన ఉప్పలయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. “ఏంది తాయారమ్మా, నువ్వు దోర్లిల కతలు చెప్తున్నవంట! నీకు తెలిసిన తాయారమ్మ చానల్ ఇదే అని నా ఫోనుకొచ్చింది.”

తాయారమ్మ చేతిలో తక్కెడ ఆగిపోయింది. వెనక గదిలో గింజల చప్పుడు కూడా ఆగింది. ముఖం దాచారు గానీ ఆ గొంతు ఏ ఊళ్లో, ఏ సందులో, ఏ కొట్లో ఉందో ఆ నంబర్లన్నిటికీ కబురు పంపి ఆ ఫోనే ఊరంతా చాటింది. ఇంత చేసింది ఎవరో కాదు, తన వేలే.

మర్నాడు సాయంత్రం వీరేందర్ వచ్చాడు. చింతపండు బేరగాడినని చెప్పుకుంటూ బండి మీద తిరుగుతాడు. ఎప్పుడూ ఒక బస్తా కొన్నవాడు కాదు, ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

“బఢియా కతలు అమ్మా, మంచిగున్నయి,” అన్నాడు బల్ల మీద చేతులు ఆనించి. “గొంతు మాత్రం పడుచుపిల్లది లెక్కుంది. నీ కొట్ల దోర్లి మాట్లాడే లడ్కీ ఉంది కదా?”

“గొంతు నాదే. ఫోనుల సన్నగ ఇనపడ్తది,” అంది తాయారమ్మ.

“గట్లనా? ఒకటి చెప్పు మరి, వింట.”

తాయారమ్మ కూడబలుక్కుని మొదలుపెట్టింది. నలభై ఏళ్ల బేరసారాల్లో అబ్బిన దోర్లి, ఉప్పూ పప్పూ అమ్మడానికి పనికొచ్చే దోర్లి. ఇప్పపూలు తిని మత్తెక్కిన ఎలుగుబంటి తానెవరో మరిచిపోతుంది. నేనెవర్ని, నేనెవర్ని అని కనిపించిన జంతువునల్లా అడుగుతుంది. జింక ఒకటి చెప్పింది, నక్క ఇంకొకటి చెప్పింది. చివరికి ఎలుకను అడిగింది. ఎలుక ఏమంది?

ఎలుక ఏమందో తాయారమ్మకు గుర్తు రాలేదు. ఎన్నోసార్లు విని కడుపుబ్బ నవ్విన మాటే, నాలుక మీదికి రానంది. వెనక గదిలో నుంచి కోసి అందిస్తుందేమో, గుట్టు బయటపడుతుందేమో అని భయపడింది. అందించలేదు.

వీరేందర్ నవ్వాడు. “పర్లేదమ్మా. మల్లొస్త కదా, మిగిలింది అప్పుడు వింట.” బండి ఎక్కుతూ వెనక గది తలుపు వైపు ఒకసారి చూసిపోయాడు.

తాయారమ్మ లోపలికి వెళ్లేసరికి కోసి గోడకు ఆనుకుని ఉంది. ఒడిలో స్విచ్ ఆపేసిన ఫోను. కథలన్నీ తనే చెరిపేసింది, ఒక్కటి కూడా ఉంచలేదు. చాపమీద బట్టల మూట కట్టి ఉంది.

“రేపు పొద్దటి బస్సుకు బచేలి పోత. ఆడ మా చిన్నమ్మ ఉంది.”

“నా వల్లనేనే తల్లీ,” అంది తాయారమ్మ. పక్కనే కూచుని, గింజల బుట్ట దగ్గరకు లాక్కుని అడిగింది. “ఆ ఎలుక ఏమన్నదే?”

కోసి తాయారమ్మ నడుముకు దోపుకున్న ఫోను వైపు చూసింది. తాయారమ్మ లేచి, ఫోను తీసుకెళ్లి, అది వినకుండా కొట్లో బియ్యం డబ్బాలో పెట్టి, మూత బిగించి, తలుపు వేసి వచ్చింది. అప్పుడు చెప్పింది కోసి, గింజ తీస్తూ, తల ఎత్తకుండా.

“ముందు నా తోక మీంచి కాలు తియ్యి, ఆ తర్వాత చెప్త నువ్వెవరో, అన్నది.”

అన్ని ఊళ్లు విన్న ఆ గొంతు ఎంత తగ్గిపోయిందంటే, పక్కనే కూచున్న తాయారమ్మ ఆ మాట వినడానికి ముందుకు వంగాల్సి వచ్చింది.