చర్చి హాలు సాసరు రంగు

మా ఆయన రోలండ్ విమానం బొమ్మలకి లోపలి రంగుల కోసం పడే తాపత్రయం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ప్లాస్టిక్ విమానం రెండు సగాలుగా వస్తుంది. లోపలి గోడలకీ కుర్చీలకీ బల్లలకీ రంగులేసి సగాలు రెండూ అతికించేస్తే, ఇక ఆ లోపలిది ఎవరికీ కనపడదు. "పోటీలో జడ్జీలు టార్చిలైటూ, పళ్ళ డాక్టరు అద్దమూ పెట్టి కిటికీల్లోంచి చూస్తారు," అంటాడు.

ఆ ఏడాది యుద్ధకాలపు బాంబర్ విమానం ఒకటి మొదలుపెట్టాడు. ఆదివారం భోజనం బల్ల మీదే పెట్టె తెరిచి, "అమ్మా, ఇది ఫిబ్రవరిలో మీ ఫ్యాక్టరీలో తయారై బయటికొచ్చిందే. మీ కోసమే ఎంచుకున్నాను," అన్నాడు మా అమ్మతో.

మా అమ్మ ఎనిడ్‌కి డెబ్బై నాలుగు. పద్దెనిమిదో ఏట ఆ ఫ్యాక్టరీలో విమానాల కడుపుల్లోకి దూరి రంగులేసింది. ఆ సంగతులు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

"నావిగేటర్ బల్ల చుట్టూ నలుపే కదమ్మా?" అన్నాడు రోలండ్, విమానంలో దారి చూసి చెప్పేవాడు కూర్చునే చోటు చూపిస్తూ.

అమ్మ ఫోర్కు కింద పెట్టింది. "ఆకుపచ్చ. ఇది ఫిబ్రవరిలో గేటు దాటిందన్నావుగా? ఆ నెల నల్లరంగు డబ్బాలు రాలేదు. తీసుకెళ్ళే పైలట్లొచ్చి కూర్చున్నారు. మా మేస్త్రీ, 'కింద పూసిన ఆకుపచ్చ అడుగు రంగు చాలు, పంపించెయ్యండర్రా' అన్నాడు. మూడు వారాల విమానాలు అలాగే పోయాయి."

రోలండ్ ఆ విమానాల మీద రాసిన పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, నలుపని ఉంది."

"అది రాసినాయన ఆ నెల డ్యూటీకొచ్చాడా?" అంది అమ్మ.

నేను నవ్వాను. రోలండ్ నవ్వలేదు.

మరుసటి ఆదివారం అమ్మ లిప్‌స్టిక్ వేసుకుని వచ్చింది. నాన్న పోయాక వేసుకోవడం అదే మొదటిసారి. హ్యాండ్‌బ్యాగులోంచి రుమాల్లో చుట్టిన సాసరు తీసింది. చర్చి హాల్లో టీ ఇచ్చే లేత ఆకుపచ్చ సాసరు.

"దొంగిలించావా అమ్మా?"

"అరువు తెచ్చానే. నలభై ఏళ్ళు కడిగాను, ఒక్క వారం ఇవ్వరా?" అని రోలండ్ ముందుకి జరిపింది. "దీనికి పిసరు బూడిద రంగు కలపాలి నాయనా. ఈ టీ మరక పట్టినచోట చూడు, అచ్చం అదే."

"యాభై ఏళ్ళ కిందటి మాట కదమ్మా. మీరు తోకవైపు గోడల రంగుతో కలిపేసుకుంటున్నట్టున్నారు."

"నా జుట్టుకంటిన రంగు నాకు తెలీదా? నెల్లాళ్ళు వదల్లేదు. హేజెల్, నువ్వు చెప్పవే."

నేను గ్రేవీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా ఇంట్లో శాంతి ముప్ఫై ఏళ్ళుగా అలాగే నిలబడింది. తిరిగొచ్చి, "ఇంకెవరికైనా గ్రేవీ కావాలా?" అన్నాను. అమ్మ నా వంక ఒకసారి చూసి, సాసరు మళ్ళీ రుమాల్లో చుట్టుకుంది.

రోలండ్ ఆ సాయంత్రమే నలుపు వేసి అతికించేశాడు. ఆ తర్వాతి ఆదివారాలు అమ్మ తన మోకాలి గురించి, పక్కింటి కుక్క గురించి మాత్రమే మాట్లాడింది.

పోటీకి రెండు వారాలుందనగా బొమ్మ విమానాల క్లబ్బు కార్యదర్శి లెస్లీ గారి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. హాలండ్‌లో ఒక పొలంలో, యుద్ధంలో కూలిపోయిన అదే విమానం ముక్క బయటపడింది. నావిగేటర్ బల్ల దగ్గరి రేకు. దాని మీద ఆకుపచ్చ తప్ప నలుపు చుక్క కూడా లేదు. ఉత్తరంతో ఫోటో కూడా పెట్టారు.

"హేజెల్! ఆకుపచ్చ!" అంటూ రోలండ్ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "ఇంతవరకు ఎవరికీ తెలీని సంగతి!"

"అమ్మకి తెలుసు."

"ఆవిడ చెప్పింది జ్ఞాపకం. ఇది రుజువు." బ్లేడు తీసుకుని సగాలు విడదీయడం మొదలుపెట్టాడు. "ఫోటోలో రంగుని నమ్మలేం. ఆ సాసరేదీ?"

అమ్మకి ఫోన్ చేశాను. "కడిగి పెట్టేశానే," అంది. "హాల్లో రెండొందలున్నాయి, అన్నీ ఒకటే. వెళ్ళి చూసుకోమను." వెళ్ళాడు. చూసుకున్నాడు.

మొదటి బహుమతి వచ్చింది. విమానం పక్కన అట్ట మీద, 'నావిగేటర్ బల్ల రంగు: ఆధారం లెస్లీ గారు' అని చక్కని అక్షరాలతో రాసిపెట్టాడు. అమ్మ చేతికి టార్చీ, చిన్న అద్దమూ ఇచ్చాడు. "చూడండమ్మా, సరిగ్గా మీరు వేసిన రంగే!"

అమ్మ ముందు అట్ట చదివింది. తర్వాత కిటికీలోంచి చాలాసేపు చూసింది.

"బాగుంది నాయనా. అయినా నన్నడగకు. నాది యాభై ఏళ్ళ కిందటి మాట."

"ముందు చెప్పింది మా అమ్మే," అన్నాను అక్కడున్న జడ్జీతో, గట్టిగానే. ఆయన మర్యాదగా తలూపి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడెందుకే?" అంది అమ్మ, కోటు గుండీలు పెట్టుకుంటూ. "పద, బస్సు పోతుంది."

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. రెండు స్టాపులు దాటాక అడిగాను.

"ఆ ఫ్యాక్టరీలో ఇంకా ఏమేం చేసేదానివమ్మా?"

"మర్చిపోయాను," అంది.