ముహూర్తపు బస్తా

మధ్యాహ్నం భోజనాలయ్యాక ధనశ్రీకి పొట్లాల పని. రాయగడ బజారులో వాళ్లది టోకు దుకాణం. ముందు కొట్టు, వెనక ఇల్లు. విజయనగరం నుంచి పాత పుస్తకాలు తూకానికి వచ్చేవి. వాటి కాగితాలు చింపి, చుట్టి, జీలకర్ర పోసి మడత పెట్టాలి. వేళ్లు పని చేస్తుంటే కళ్లు ఊరుకోవు కదా, అక్షరాల మీద పడతాయి. తెలుగులోకి వచ్చిన ఒక రష్యా నవల ఆమెకి అలాగే దొరికింది. సోవియట్ రష్యా ముక్కలయ్యాక అలాంటివి కట్టలకొద్దీ చిత్తుకాగితాల్లోకి వచ్చేశాయి. దీనికి అట్ట లేదు, పేరు లేదు. చివరి పేజీలు అప్పటికే జీలకర్రతో కల్యాణసింగ్‌పూర్ వెళ్లిపోయాయి. మిగిలినదాన్ని ఆమె కందిపప్పు డబ్బా వెనక దాచుకుంది.

అందులోనూ ఒక షావుకారు ఇల్లే. చలికాలం వస్తోందంటే కిటికీలకి రెండో అద్దం బిగిస్తారు. సందుల్లో దూది కుక్కి కాగితం అంటిస్తారు. రెండద్దాల మధ్య తేమ లాగడానికి ఒక గ్లాసుడు ఉప్పు పెడతారు. ఆ ఇంటి కోడలు చలికాలమంతా ఆ గ్లాసునే చూస్తూ ఉంటుంది. రచయిత ఎటు తిరిగినా మళ్లీ ఆ గ్లాసు దగ్గరికే వస్తాడు. ఎందుకో ధనశ్రీకి అంతుపట్టలేదు గానీ, చదువుతుంటే జీలకర్ర వాసన పోయి మంచు వాసన వచ్చేది. మంచుకి వాసన ఉంటుందో లేదో రాయగడలో ఎవరు చూడొచ్చారు! పొట్లం మీద పొట్లం మడుస్తూ ఆమె ఆ తెల్లటి వీధుల్లో నడిచేది, చప్పుడు లేకుండా, ఎవరూ పిలవని చోట. చివరికి వసంతం వచ్చి, ఆ కోడలు దూది లాగేసి కిటికీ తెరిచినట్టు తనే ఊహించుకునేది. "అమ్మీ, పాలు పొంగిపోతన్నాయి!" అని అత్తగారు కేకేసేదాకా ఆ గాలి ఆమె మొహానికి తగులుతూనే ఉండేది.

ధనశ్రీ గదికీ ఒక కిటికీ ఉంది. నేల దాకా దిగిన పాతకాలపు కిటికీ, తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. తెరుచుకోవాలి అనాలేమో, ఎందుకంటే ఆమె పెళ్లై వచ్చిన పదకొండేళ్లలో అది తెరుచుకోలేదు. అడ్డంగా ఉప్పు బస్తాలు. ఇల్లు మొత్తానికి పొడి గది అదేనట. పై బస్తాలు అమ్ముడుపోతాయి, మళ్లీ వస్తాయి. అడుగునున్నది మాత్రం కదలదు. కొట్టు పెట్టిన రోజున మామగారు తెచ్చి నిలబెట్టిన ముహూర్తపు బస్తా అది. దానికి పసుపూ బొట్టూ, దీపావళికి హారతీ. దాన్ని జరిపితే కొండ కనిపిస్తుందనీ, నాగావళి మీంచి గాలి వస్తుందనీ ధనశ్రీ ఆశ. కొత్తలో ఒకసారి భర్త చంద్రశేఖరాన్ని అడిగింది.

"లక్ష్మీదేవిని కదిపేస్తావేటే?" అని నవ్వేడు. మరోసారి అడిగితే, "పని లేనోళ్లకే గాలి గావాల" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆమె అతని చొక్కాకి బొత్తాం కుడుతోంది. ఏడుపొచ్చింది. దారం తెంపి చొక్కా చేతికిచ్చింది.

ఆ వానాకాలం, దామంజోడి బళ్లో తెలుగు చెప్పే రోజారమణి సరుకులకని వచ్చి, ధనశ్రీ ఒళ్లో పుస్తకం చూసి గుర్తుపట్టింది. అందులో ఆ ఉప్పు గ్లాసు ఎందుకని ధనశ్రీ అడిగింది.

"ఆ గ్లాసు ప్రతీకండీ ధనశ్రీ గారూ. ఆమె మనసే అది. ఇంట్లో తేమంతా తనలోకి లాక్కుని, అద్దాల్ని తేటగా ఉంచుతుంది. త్యాగమన్నమాట."

"చివర్లో కిటికీ తెరుస్తుంది కదండీ?" అంది ధనశ్రీ.

"తెరవదు. వసంతం వచ్చినా తెరవదు. గ్లాసులో కొత్త ఉప్పు పోస్తుంది. నవల గొప్పతనమంతా అక్కడే ఉంది."

ధనశ్రీకి ఒళ్లు మండింది. ఆ పేజీలు జీలకర్రకి పోవడమే మంచిదైంది అనుకుంది.

సాయంత్రం అత్తగారు కోటేశ్వరమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఆ పంతులమ్మ ఏటి సెప్పిందమ్మీ అంతసేపు?" అని అడిగింది. ధనశ్రీ కథంతా చెప్పింది. ఆవిడకి అక్షరం ముక్క రాదు గానీ ఉప్పు సంగతి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

"తేమ లాగితే ఉప్పు నీరైపోద్ది కదా," అంది. "మరి ఆ నీళ్లు ఎవులు ఎత్తిపోసీవోరు?"

ధనశ్రీ చేతిలో చాట ఆగిపోయింది. "రాయలేదత్తా."

"రాయరు" అని కోటేశ్వరమ్మ ఇంకో రాయి ఏరి పారేసింది.

ధనశ్రీ తన గదిలోకి వెళ్లి నిలబడింది. మూల గోడకి వేలాడుతూ గోనెగుడ్డ, కింద బాల్చీ. ఏటా వానలు మొదలైతే బస్తాల కిందనుంచి నీరు ఊరుతుంది. పొద్దున లేస్తూనే ఆమె ఒత్తాలి, పిండాలి, దొడ్లో పారబోయాలి. వేళ్ల సందులు ఒరిసిపోయి మంట. ఆ గది పొడి గది ఎలా అయిందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున పై బస్తాలన్నీ మాచ్‌ఖండ్ కొట్లకి వెళ్లిపోయాయి. కొత్త సరుకు సాయంత్రం వస్తుంది. కిటికీ ముందు ముహూర్తపు బస్తా ఒక్కటే మిగిలింది. ధనశ్రీ కొంగు బిగించి, రెండు చేతులా పట్టి, బలమంతా పెట్టి లాగింది. ఆ ఊపుకి తనే వెనక్కి పడింది. బస్తా ఆమె ఒళ్లోకి వచ్చేసింది, దిండంత తేలిగ్గా. లోపల ఉప్పు లేదు. ఉప్పు పట్టి కర్రలా గట్టిపడిన గోనె, అడుగున పిడికెడు పెళ్లలు.

చప్పుడుకి తల్లీకొడుకులిద్దరూ పరిగెత్తుకొచ్చేరు. కోటేశ్వరమ్మ వంగి, గోనెలోకి చూసి, కోడలి వేళ్లకేసి చూసింది. తనే వెళ్లి కిటికీ గడియ లాగబోయింది, ముసలి చేతికి లొంగలేదు. ధనశ్రీ లేచి గడియని ఒక్క గుద్దు గుద్దింది. తుప్పు రాలింది, తలుపులు కిర్రుమంటూ లోపలికి వచ్చాయి. వాన తగ్గిన కొండ, దాని మీద మబ్బు. గాలి నిజంగానే వచ్చింది.

సాయంత్రం చంద్రశేఖరం కొత్త బస్తా మోయించుకొచ్చి గుమ్మంలో దింపించేడు. ధనశ్రీ కిటికీ ముందు, పాత బస్తా ఉన్న చోటే కూర్చుని పొట్లాలు కడుతోంది.

"లెగు. ముహూర్తం సూసి తెచ్చేను. ఎప్పుడూ ఉన్న సోటే ఉండాల."

ధనశ్రీ మూలనున్న గోనెగుడ్డ తీసి, మడత పెట్టి, అతని చేతిలో పెట్టింది.

"పెట్టుకోండి. నీళ్లు ఎవులు ఎత్తిపోస్తారో సెప్పి, మరీ పెట్టుకోండి."